ఆంప్లిఫయర్ మామ

ఆత్మకూరు బస్టాండు వెనక పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే మామకి చెవులు కొంచెం మందం. జీవితమంతా మైకు హారన్ల పక్కన కూర్చుంటే మందం కాక ఏమవుతాయి! అందుకే స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, అది పలుకుతోందో లేదో తెలుసుకునేవాడు. పలికేదాకా బతిమాలుతూనే ఉండేవాడు.

ఉదయగిరి నుంచి మా నాయన ఆంప్లిఫయర్ తీసుకెళ్లాను. అందులో గాజు వాల్వు మాడిపోయింది.

"ఇట్లాంటివి ఇప్పుడు ఎవురూ చేయడంలా. యాడో ఒకచోట ఉంటాదిలే," అన్నాడు.

వారం తిరక్కుండానే మర్రిపాడులో, కోడి పొదుగుతున్న పాత రేడియో పెట్టెలో దొరికిందట. కోడి పొడిచిన గాట్లు చూపించి పెళ్లికొడుకులా మురిసిపోయాడు.

వాల్వు బిగించి మైకు పట్టుకున్నాడు. హారనేమో బయట గోడమీద, చెయ్యి అందనంత ఎత్తులో ఉంది.

"పలకవే తల్లీ! నీకోసరం కోడిచేత పొడిపించుకున్నానే! నా పరువు తీయబాకే!"

బస్టాండు దద్దరిల్లిపోతోంది. చెప్పబోతే నవ్వుతో నాకు మాట పెగల్లేదు. మామ కళ్లు మూసుకుని బతిమాలుతూనే ఉన్నాడు. చివరికి బస్సు దిగొచ్చిన ఇద్దరు ఆయన్ని చేతిలో మైకుతో సహా బయటికి తీసుకెళ్లి, అమాంతం పైకెత్తి, అరచెయ్యి హారనుకి ఆనించారు.

మామ మైకులో కేక పెట్టాడు.

"పలికిందిరో!"

అప్పటిదాకా ఆ సంగతి తెలియనివాడు ఆత్మకూరులో ఆయనొక్కడే.