జీపు దిగని సర్వేయరు

మొన్న మా పల్నాటి ఊరు వెళితే మిరప చేల మీద డ్రోను ఎగురుతోంది. భూములు మళ్ళీ కొలుస్తున్నారట, ఎవరి చెక్క ఎంతో ఆకాశంలోంచే తేలిపోతుందట. మా మనవరాలు సంబరపడిపోయి ఫొటోలు తీసుకుంటూ ఉంటే, నాకు మాత్రం పాత కొలతలు గుర్తొచ్చాయి. మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కొలత అంటే గొలుసే. మా ఊళ్ళో ఆ గొలుసు పట్టేది తలారి పని చేసే మా చిన్నాన్న.

కూలికి పోయి బతికే మా నాన్నకు సర్కారు ఎకరన్నర బంజరుకు పట్టా ఇచ్చింది. కాగితమైతే ఇచ్చారు గానీ నేల ఎక్కడుందో చూపించే నాథుడు లేడు. నాన్నా, అన్నా ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఒక వేసవిలో సర్వేయరు వచ్చాడు. ఎండ మండిపోతోందని జీపు దిగలేదు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, ఆ తుమ్మచెట్ల దగ్గర్నుంచి మీదే, బాగుచేసుకోండని చెప్పి వెళ్ళిపోయాడు. ఆఫీసరు చెయ్యి చూపించాక ఇంక హద్దురాళ్ళెందుకు అనుకునే అమాయకత్వం మాది. ఇంటిల్లిపాదీ తుమ్మ కొట్టి మిరప నాటాం. తీరా కాయ ఎర్రబడే వేళకు, పక్కచేను ఆసామి ఆ నేల తనదంటూ పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి పైరంతా దున్నించేశాడు. సర్వేయరును నిలదీస్తే, నేనెప్పుడు చూపించానయ్యా అన్నాడు. ఆ రోజు జీపు పక్కనే నిలబడి అంతా విన్న చిన్నాన్న, ఉన్న ఉద్యోగం ఊడుతుందని తలొంచుకున్నాడు. అన్న అది మర్చిపోలేదు.

ఏడాదిపాటు అన్న అర్జీలు పట్టుకుని తిరిగాడు. ఆఫీసరుగారు క్యాంపులో ఉన్నారనో, సోమవారం రమ్మనో చెప్పి పంపేసేవారు. చివరికి అడవి వైపు నుంచి తుపాకులతో దళం వాళ్ళొచ్చారు. పట్టపగలు ఊరందరి ముందూ కొలిచి, ఒక్క పూటలో రాళ్ళు పాతేశారు. ఆసామి కిక్కురుమనలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మా ఇంట్లో పండగే, వాళ్ళకు మజ్జిగ ఇచ్చింది నేనే. ఏడాది తిరిగినా కాని పని తుపాకీ ఉంటే పూటలో అయిపోతుందని అన్నకు అర్థమైంది. కాదని చెప్పడానికి మా దగ్గర మాత్రం ఏముంది? వాళ్ళ వెంటే వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు, కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్న చిన్నాన్నను, పోలీసులకు కబుర్లు మోస్తున్నాడని పిన్ని కళ్ళ ముందే కాల్చేశారు. వచ్చిన వాళ్ళలో అన్న ఉన్నాడు. "ఒరేయ్ పెద్దోడా, నేనురా, మీ చిన్నాన్నని" అని ఆయన పిలిచాడట. అన్న అటు తిరిగి నిలబడ్డాడట. ఆ మాట పిన్ని చెబితేనే మాకు తెలిసింది.

కొన్నాళ్ళకు అన్న శవం పోలీస్ స్టేషన్లో ఉందని కబురొచ్చింది. నాన్న నేరుగా స్టేషనుకు వెళ్ళలేదు. పిన్ని గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డాడు. పిన్నే, "తెచ్చుకోండి బావా, ఆడూ నేను ఎత్తుకు పెంచినోడేగా" అంది. చర్చి వెనక ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఎకరన్నర మటుకు నాన్న బతికినంత కాలం తొక్కలేదు.

ఇప్పుడు మా వైపు అడవిలోకి పోయేవాళ్ళు లేరు. అయినా మండలాఫీసు వరండాలో కాగితం మడిచి పట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్న పడుచువాణ్ణి చూస్తే నాకు జాలి కంటే ముందు భయమేస్తుంది. మా అన్న కూడా అలాగే ఓపిగ్గా కూర్చునేవాడు. ఊళ్ళో అంత నెమ్మదైనవాడు లేడనేవారు.