నది వైపు తలుపు

అక్క వాళ్లింటి వెనక తలుపును మేస్త్రీ ఇటుకలతో మూసేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. మూసీ వైపు ఉన్న తలుపు అది. ఒక్కో వరస లేచేకొద్దీ గదిలో వెలుతురు కింది నుంచి తగ్గుతూ వచ్చింది. అక్క అడ్డు చెప్పలేదు. మేస్త్రీకి చాయ్ ఇచ్చి, ఖాళీ గ్లాసు కోసం పక్కనే నిలబడింది. ఆ తలుపు తెరిపించడానికి పోయిన ఎండాకాలంలో బావతో పోట్లాడిన మనిషి ఆమె.

మలక్‌పేటలో నది గట్టును ఆనుకొని ఉన్న పాత ఇల్లు వాళ్లది. అక్క కాపురానికి వచ్చేనాటికే ఆ తలుపుకు అడ్డంగా ఇనుప బీరువా చేరింది. తలుపు అవతల రాతిమెట్లు ఉన్నాయనీ, వాళ్లత్త కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఆ మెట్ల మీది నుంచే బతుకమ్మను నీళ్లలో వదిలేదనీ అక్క వినడమే తప్ప చూడలేదు. నేను పత్రికలో ఉన్నన్నాళ్లూ మూసీ మీద ఎన్నో వార్తలు దిద్దాను. నురగ, దుర్వాసన, ప్రక్షాళన అన్న మాటలు చేతికి అలవాటైపోయాయి. మా అక్క ఇంట్లోంచి నదికి దారి ఉందన్న సంగతి మాత్రం నాకు తెలియదు.

అక్క సోషల్ టీచరుగా రిటైరైంది. సాయంత్రాలు గల్లీ పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. నదీలోయ నాగరికతల పాఠం వస్తే పుస్తకం మూసేసి కథలా చెబుతుంది. వరద తీశాక మిగిలిన ఒండ్రులో ఎవరో గింజలు చల్లారు. ఇంటిల్లిపాదీ తిన్నా మిగిలేంత పండింది. మిగిలింది దాచడానికి గాదె కావాలి, గాదెకు కాపలా కావాలి. అందరూ దున్నక్కర్లేదు గనక ఒకడు కుండలు చేశాడు, ఇంకొకడు పూసలకు బెజ్జాలు వేశాడు. ఇళ్లు దగ్గరికి జరిగాయి, వీధులు తేలాయి, మురుగు పోవడానికి ఇటుక కాలవలు వచ్చాయి. వరద మళ్లీ వస్తుందని తెలుసు గనక ఎత్తుగా తిన్నెలు వేసి వాటి మీద కట్టుకున్నారు. కూలితే మళ్లీ అక్కడే కట్టుకున్నారు. నది అంటే భయమూ ఉంది, నదిని విడిచి పోలేదు. పాఠం ఇలా సాగుతుంది.

ఆ వేసవిలో పిల్లలతో అలాంటి ఊరొకటి చేయించింది. ప్లైవుడ్ ముక్క మీద నీలం రంగు నది, గట్టున అగ్గిపెట్టెల ఇళ్లు. ఆ సాయంత్రం నేనూ వెళ్లాను. ముచ్చటగానే చేశారు. కానీ ఒక్క అగ్గిపెట్టెకు కూడా నది వైపు తలుపు గీయలేదు. పైగా నది పొడవునా అట్టతో గోడ నిలబెట్టారు.

"నది దిక్కు దర్వాజలు ఏవమ్మా?" అంది అక్క.

"అటు పెడితే దోమలు రావా టీచర్?" అంది గోడ అంటించిన పిల్ల.

"మరి నీళ్లెట్ల తెచ్చుకుంటరు?"

"ట్యాంకర్ వస్తది కదా" అన్నాడు ఒక పిల్లాడు.

"అరే పాగల్, అప్పుడు ట్యాంకర్ యాడిదిరా? నల్లా తిప్పి పట్టుకునేటోళ్లు" అని పక్కవాడు దిద్దాడు.

అందరితోపాటు అక్కా నవ్వింది. పిల్లలు వెళ్లాక మాత్రం ఆ ప్లైవుడ్ ముందు చాలాసేపు కూర్చుంది. "వాళ్లనేమంటం తమ్మీ? నా ఇల్లు గూడ గట్లనే ఉంది" అంది.

మర్నాడే ఆ తలుపు తీయాలని ఇంట్లో లొల్లి. "ఏమున్నదని తీస్తవ్? ముక్కు మూసుకొని కూసుంటవా ఏంది?" అన్నాడు బావ.

"ఈసారి బతుకమ్మను ఆ మెట్ల మీదికెల్లే వదుల్త. నా ఫికర్ మీకెందుకు?"

బీరువా జరిగింది. మెట్లు నిజంగానే ఉన్నాయి. కిందివి బురదలో కూరుకుపోయాయి. "క్యా భాభీ, దర్యా కినారే బంగ్లా!" అని, నది ఒడ్డున బంగళా కట్టినట్టు పక్కింటాయన వేళాకోళమాడితే అక్క సంబరంగా తలూపింది.

వానాకాలంలో పైన జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు ఎర్రగా, జోరుగా వచ్చాయి. పిల్లల్ని గడప ఇవతలే కూర్చోబెట్టి చూపించింది. అంత సంతోషంగా ఆమెను నేను చూసి చాలా కాలమైంది. ఆ నీళ్లు తగ్గాక నలుపూ వాసనా తిరిగొచ్చాయి. అయినా పండగ దాకా తలుపు మూయనివ్వలేదు.

సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు, బంతి పేర్చి, కిందికి దిగి నీళ్లలో వదిలింది. బతుకమ్మ కాస్త దూరం వెళ్లి, గుర్రపుడెక్కలో, థర్మాకోల్ ముక్కల మధ్య ఇరుక్కుంది. బావే వెదురుకర్రతో నెట్టబోయాడు. అందలేదు. మర్నాడు చూసినా అక్కడే ఉంది, ఆ మర్నాడూ అక్కడే. బంతిపూలు నల్లబడ్డాయి. వంటింట్లోంచి ఏ పనికి కదిలినా ఎదురుగా అదే కనిపించేది. చివరికి అక్కే అంది, "మేస్త్రీని పిలిపియ్యుండ్రి" అని. పంతం నెగ్గిన బావ ఆ పూట సరిగా అన్నం తినలేదు.

పై వరసకు వచ్చాక మేస్త్రీ ఆగాడు. "మేడం, గాలికి ఒక ఇటుక జాగ ఇడ్వాల్నా?"

అక్క విడవమంది. దోమలు రాకుండా దానికి జాలీ కొట్టిద్దామని బావ అంటూనే ఉన్నాడు. అక్క జాలీకి ఒప్పుకోదు, పూర్తిగా మూసేయమనీ చెప్పదు. ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.