ఒక్క సెల్ఫుకే లేచిన జీపు

మీరు రోజూ ఎక్కి కూర్చునే బండి ఇంజిన్ లోపల ఏముందో ఎన్నడైనా అడిగారా, లేక ముందు వేలాడే నిమ్మకాయను చూసి ధైర్యం తెచ్చుకున్నారా?

నేను అడిగాను. అడిగినందుకు మా అక్క ఇంట్లో నాకిప్పుడు చాయ్ పోసేవాళ్లు లేరు.

మా బావ, అంటే అక్క భర్త, కమాన్‌పూర్ నుంచి ఓపెన్‌కాస్టు గనికి కార్మికులను షిఫ్టు షిఫ్టుకూ చేరవేస్తాడు. సొంత జీపు. పాతది, చిన్న డీజిల్ ఇంజిన్. చదును దారి ఉన్నంత కాలం దానితో ఏ ఇబ్బందీ రాలేదు. గని పెరుగుతూ వచ్చి ఆ దారిని మింగేసింది. కొత్త దారిని మట్టిగుట్ట మీదుగా వేశారు. బొగ్గు పైనుంచి తవ్వి పారబోసిన మట్టి అది. ఒకప్పుడు మా పొలాల కింద పడుకుని ఉండేది, ఇప్పుడు మా నెత్తిన నిలబడింది. నిండా జనంతో ఆ ఎక్కుడు ఎక్కలేక జీపు నడిమధ్య ఆగేది. సగం మంది దిగి నడిచేవాళ్లు. ఆలస్యమైతే వాళ్లకు మస్టర్ పడదు, ఆ రోజు కూలి పోతుంది. బండి ఇలాగే ఆగుతుంటే ట్రిప్పు ఇంకొకరికి ఇస్తానని కాంట్రాక్టరు చెప్పేశాడు. ఆ ట్రిప్పు తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

బావ పాత సామాన్ల దుకాణంలో ఒక టర్బో సంపాదించాడు. సైలెన్సర్‌కు పోయే పొగ బలంతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని కూరే చక్రం అది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, బండి గుంజుతుంది. మెకానిక్ షెడ్డు బసంత్‌నగర్ రోడ్డు మీద ఉంది. మెకానిక్‌ది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే కుటుంబం. తెలుగు మాలాగే మాట్లాడతాడు. టర్బోను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత గాలి కూరాలంటే ముందు ఇంజిన్ దమ్ కమ్ చెయ్యాలె భాయ్ అన్నాడు.

అక్కడే పని చెడింది.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ పైకి లేచి గాలిని ఇరుకు జాగాలో నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి కాగి, డీజిల్ అంటుకుంటుంది. మామూలు గాలికి లెక్క చూసుకుని చేసిన ఇరుకు అది. అందులోకి టర్బో ఇంకింత గాలిని కూరితే లోపలి ఒత్తిడి హద్దు దాటుతుంది. అందుకని పిస్టన్ నెత్తి మీద ఉండే గుంటను లేత్ మిషన్ మీద కొంచెం పెద్దది చేయాలి. గాలికి జాగా పెరిగి నొక్కుడు తగ్గుతుంది. అప్పుడు టర్బో కూరే గాలిని తట్టుకుంటుంది. ఇందులో రహస్యం లేదు, మహిమ లేదు.

కానీ మా షెడ్లలో ఆ నొక్కుడును దమ్ అంటారు. మెకానిక్ ఇంటి భాషలో దమ్ అంటే ఊపిరి. మా బావ చెవిలో దమ్ము అంటే మగతనం. ఒకడు ఊపిరి గురించి చెబుతున్నాడు, ఇంకొకడు పౌరుషం గురించి వింటున్నాడు. ఆ మాటకు రెండు అర్థాలున్నాయని ఇద్దరికీ తట్టలేదు.

"దమ్ తీసేసినంక అది బండెట్లయితది భాయ్?" అన్నాడు బావ. "పెంచుదామని నేనస్తె తగ్గిస్త అంటవేంది?"

నేను పక్కనే ఉన్నాను. ఊరూరా సైన్సు మీటింగుల్లో మాట్లాడే అలవాటు నాది. నాకు తెలిసినంత విడమరిచి చెప్పాను. మీటింగుల మాటలు షెడ్డు బయట పెట్టు బామ్మర్దీ అని బావ నవ్వాడు. మెకానిక్ కూడా గిరాకీతో వాదన ఎందుకనుకున్నాడు. పిస్టన్లను ముట్టుకోకుండానే టర్బో బిగించాడు. ముందు బంపర్‌కు కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి సాగనంపాడు.

కొన్నాళ్లు జీపు గుట్టను గుంజుకుంటూ ఎక్కింది. బావ మీసం మీదికి చెయ్యి పోని రోజు లేదు.

గనిలో పనిచేసే మిత్రుణ్ణి కలవాలని ఒక మధ్యాహ్నం నేనూ ఎక్కాను. వెనక బల్లల మీద మనిషికి మనిషి అతుక్కుని కూర్చున్నాం. నా మోకాళ్లు ఎదుటివాడి టిఫిన్ డబ్బాకు, నా వీపు రేకుకు. జర జరుగు కాకా అని ఒకడంటే, ఏడికి జరగాలెరా, నీ ఒళ్లెకా అని ఆ పెద్దాయన. అందరూ నవ్వుతుండగానే కింద పటేలుమంది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి అద్దాన్ని కప్పేసింది. జీపు ఆగింది. వెనక్కు జారడం మొదలుపెట్టింది. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. మా వెనక దుమ్ముకు నీళ్లు చల్లే ట్యాంకర్ ఉంది. దాని ముక్కు మా వెనక తలుపుకు ఆనేంత దగ్గరికి వచ్చి ఆగింది. ఎక్కుడు మీద కదా, అందరి బరువూ ఆ తలుపు మీదికే జారింది. ఒకరి కింద ఒకరం. తెరవాలంటే ట్యాంకర్ అడ్డం, తెరవకపోతే ఊపిరాడదు. ఇటు పక్క గుట్ట గోడ, అటు పక్క లోయ. ఆ లోయ అడుగున, ఎప్పుడో మా దారి ఉన్నచోట, డంపర్లు చీమల్లా తిరుగుతున్నాయి.

నా కింద ఉన్నాయన మెల్లగా ఒకటే మాట అంటున్నాడు: "జర జాగ ఇయ్యున్రి. జర జాగ ఇయ్యున్రి."

ట్యాంకర్ వెనక్కు తగ్గాకే దిగగలిగాం. చక్రాల కింద రాళ్లు పెట్టాం. చావలేదు.

మర్నాడు షెడ్డులో ఇంజిన్ విప్పారు. ఇంజిన్ మూత కింద సందు మూసే గాస్కెట్ కాలి తెగిపోయింది, ఒక పిస్టన్ అంచు పగిలింది. బావ ఆ కాలిన చోటును చూడలేదు. నిమ్మకాయలను చూశాడు. అమావాస్య దాటినా మార్చలేదు, అందుకే దిష్టి తగిలిందన్నాడు. వాళ్లమ్మ కోడిని కోయమంది. నేను ఊరుకోలేదు. నిమ్మకాయ ఎండితే గాస్కెట్ కాలుతుందా బావా, కోడి రక్తం పోస్తే పిస్టన్ అతుకుతుందా అని అడిగాను. తర్వాత గొంతు తగ్గించి, నిన్న నా కింద నలిగిన మనిషి ఏమన్నాడో చెప్పాను. ఆ లోపలి గాలి అడుగుతున్నది కూడా అదే, జాగా. దమ్ తగ్గించడం కాదు ఇది, జాగా ఇవ్వడం అన్నాను. బావ పగిలిన పిస్టన్ అంచును వేలితో తడిమాడు. చివరికి, చెయ్యి భాయ్ అని మెకానిక్‌తో అన్నాడు.

కొత్త పిస్టన్లు తెచ్చి, నెత్తిన గుంటలు తొలిపించి బిగించారు. వానాకాలమంతా, బురదలో కూడా, జీపు గుట్ట ఎక్కింది. వేడి చూపే సూది గీత దాటలేదు. గెలిచాననుకున్నాను.

చలికాలం వచ్చింది. నొక్కుడు తగ్గిన ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తొందరగా అంటుకోదు. అది ముందే తెలిసిన సంగతి. పొద్దున్నే సెల్ఫు కొడితే గుర్రుగుర్రుమని ఊరుకునేది. ఎక్కాల్సిన కార్మికులు మంకీ టోపీలతో జీపును తోసేవాళ్లు. చాయ్ హోటల్ దగ్గర మాటలు మొదలయ్యాయి.

"ఏంది అన్నా, బండికి ఆపరేషన్ జేయించినవంట గదా?"

"క్యాంపుల జేయించిండా, పెద్ద దవాఖానలనా?"

ఆ నవ్వులు ఇంటి దాకా వచ్చేవి. దీనికి మందు ఉంది. గాలి లోపలికి పోయే గొట్టంలో చిన్న కరెంటు హీటర్ పెడితే చాలు. మెకానిక్ పెడతానన్నాడు. ముసలోళ్లకు వేడి నీళ్లు పోసి లేపినట్టు నా బండిని లేపుతవా అని బావ కొట్టిపారేశాడు. టర్బో తీసేస్తే గుట్ట ఎక్కదు. మళ్లీ మామూలు పిస్టన్లు వేస్తే గుట్ట మీద పగులుతాయి. మిగిలిన ఒక్క దారి హీటర్. దానికి తలుపు వేసి గడియ పెట్టింది ఏ దేవుడూ కాదు, దమ్ అనే ఒక మాట.

ఈ మధ్య ఒక చలి పొద్దున నేను అక్క వాకిట్లో ఉన్నాను. ఊపిరి పొగలా కనబడుతోంది. బావ సెల్ఫు కొట్టాడు. ఒక్క సెల్ఫుకే ఇంజిన్ లేచింది. కార్మికులు చప్పట్లు కొట్టారు. గుంట తొలిచిన పిస్టన్లతో, హీటర్ లేకుండా, ఆ చలిలో ఆ ఇంజిన్ అలా లేవదు.

నేరుగా షెడ్డుకు పోయాను. మెకానిక్ తల దించుకుని బల్ల కిందికి చెయ్యి చూపాడు. గుంట తొలిచిన పిస్టన్లు అక్కడ గుడ్డలో చుట్టి ఉన్నాయి. మామూలువి బిగించాడు. టర్బో మాత్రం అలాగే ఉంది. మస్తు చెప్పిన సాబ్, వినలే అన్నాడు.

సాయంత్రం బావ దొరికాడు. అక్క గడపలో నిలబడి వింటోంది.

"నీకేంది, మీటింగుల మాట్లాడి ఇంటికి వోతవు," అన్నాడు. "పొద్దుగాల అందరి ముందట తోయించుకునేటోన్ని నేను."

"గుట్ట మీద ఆగిన రోజు మర్చిపోయినవా బావా?"

"మర్చిపోలే. మెల్లగ ఎక్కిస్త."

మెల్లగా ఎక్కించినా నిండు బరువే, ఎక్కుడే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నా ముఖం చూడలేదు.

ఎక్కేవాళ్లకు చెబుతానన్నాను. అప్పుడు అక్క మాట్లాడింది: "చెప్పినవనుకో, రేపు ఒక్కడు గూడ ఎక్కడు. మేమేం తిని బతకాలె తమ్మీ?"

చెబితే అక్క పొయ్యి ఆరుతుంది. చెప్పకపోతే ఆ తలుపు మీదికి మళ్లీ ఒకరి మీద ఒకరు జారతారు, ఈసారి వెనక ట్యాంకర్ ఉండకపోవచ్చు, లోయ ఉండొచ్చు. రోజూ పొద్దున ఆ ఇంజిన్ ఒక్క సెల్ఫుకే లేస్తుంటే పక్క వీధిలో పడుకుని వింటున్నాను. సెల్ఫు గుర్రుమంటే బాగుండునని కోరుకునే మనిషిని ఈ బొగ్గు నేల మీద నేనొక్కణ్ణే కావచ్చు.

అందుకే రాస్తున్నాను. అక్కకు అన్నం పెట్టే దారి ఇంకోటి వెతుకుతాను. అది నా పని. మీ పని మీది. రేపు పొద్దున ఏ జీపు ఎక్కినా, ముందు డ్రైవర్‌ను అడగండి: టర్బో పెట్టావు, పిస్టన్లకు గుంట తొలిపించావా? బండి వెంటనే లేచిందని చప్పట్లు కొట్టకండి. తోయాల్సి వస్తే నవ్వకుండా తోయండి. హీటర్ పెట్టించమని అందరూ కలిసి పట్టుబట్టండి. నవ్వేసి మాట దాటేశాడా, దిగండి. పక్కవాణ్ణి కూడా చెయ్యి పట్టి దించండి.