మస్తాన్‌బీ గారి కన్ను

ఈ ఉదయం పదీ ఇరవైకి పక్కింటివాళ్ళు ఎండుమిరపకాయలు వేయించారు. ఘాటు మా కిటికీలోంచి లోపలికొచ్చింది. దగ్గుతూనే మస్తాన్‌బీ గారిని తలుచుకున్నాను. ఆమె పోయి నలభై రోజులైంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరు శివారున, మిరపకాయలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. వచ్చిన టిక్కీల్లోంచి, అంటే మిరప బస్తాల్లోంచి, గుప్పెడు కాయలు తీసి, విరిచి, గింజ రంగూ తేమా చూసి, రంగు పోయిన తాలు కాయలెన్నో రాయడం నా పని. మస్తాన్‌బీ గారు తొడిమలు తీసే ఆడవాళ్ళకు మేస్త్రి. నలుగురు పిల్లల్ని ఆ షెడ్డు పక్కనే పెంచిన మనిషి.

ప్రసవం సెలవు ముగిసి నేను తిరిగి వెళ్ళేసరికి పాపకు నాలుగో నెల. పోతపాలు తాగేది కాదు. సీసా పెడితే నాలుకతో నెట్టేసేది. అందుకని అమ్మ పదకొండింటికి రిక్షాలో గేటు దగ్గరికి తెచ్చేట్టు అనుకున్నాం. మొదటి రోజు సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, వాచ్‌మన్ గదిలో కూర్చుని పాలిచ్చాను. రెండు గుక్కలకే పాప కెవ్వుమంది. మూతి చుట్టూ ఎర్రగా కందింది.

"నీకు ఈ కాయలు కావాలో, బిడ్డ కావాలో తేల్చుకో," అంది అమ్మ. మేనేజర్ గారు మర్యాదగానే చెప్పారు: "ఈ వారం చూడండమ్మా. కుదరకపోతే ఇంకో అమ్మాయిని తీసుకుంటాం." సీజను నడుస్తోంది. ఆయన మాటలో తప్పు కనపడలేదు. అదే నా భయం.

సాయంత్రం మస్తాన్‌బీ గారు నా చేతులు తిప్పి తిప్పి చూశారు.

"నీళ్ళతో కారం పోద్దంటమ్మాయ్? ఇంకా పాకుద్ది. అన్ని పుస్తకాలు చదివావు, ఇది రాయలేదా వాటిల్లో?"

"మరెట్లాగండీ?"

"ముందు నూనె. తర్వాత శనగపిండి. అప్పుడు సబ్బు. జాకెట్టు కూడా మార్చు, దుమ్మంతా దాని మీదే ఉంటది. రేపు నేనొస్తాలే."

మర్నాడు ఆమె చెప్పినట్టే కడుక్కున్నాను. గదిలోకి వెళ్ళబోతుంటే ఆపి, నా చూపుడు వేలు పట్టుకుని తన కంటి కొసకు ఆనించుకున్నారు. ఉలిక్కిపడి వెనక్కి లాగాను. అప్పటికే కన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

"పోలా. మళ్ళీ కడుగు," అన్నారు కొంగుతో తుడుచుకుంటూ.

"మీ కంటికేమన్నా అయితే?"

"ముప్పై ఏళ్ళ నించి కారంలోనే ఉన్నాయి నా కళ్ళు. దాని మూతికి అంత సర్వీసు ఉందా?"

రెండోసారి రెండో కన్ను. రెప్ప వేయకుండా ఆగారు. నీరు రాలేదు.

"పో, పో. ఏడుస్తా ఉంది."

పాప తాగింది. ఒక్కో గుటకా నాకు వినిపించింది. అమ్మ పాప మూతి వంగి వంగి చూసింది. నేను షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాను. తొడిమలు తీస్తున్నవాళ్ళంతా తలలెత్తారు. "తాగిందా?" అని ఒకామె అడిగితే, "మొహం చూస్తే తెలవట్లా?" అంది పక్కామె. ఆ రోజు చూసినన్ని టిక్కీలు నేనెప్పుడూ చూడలేదు. వారం చివర మేనేజర్ గారు ఇంకో అమ్మాయి మాట ఎత్తలేదు.

పాపకు అన్నం అలవాటయ్యేదాకా మస్తాన్‌బీ గారు రోజూ పదకొండింటికి వచ్చి నిలబడ్డారు. ఒకసారి కృతజ్ఞత చెప్పబోతే, "తాలు కాయలు చూసుకో పో," అన్నారు.

తర్వాత నేనే ఆ విభాగానికి పెద్దనయ్యాను. ప్రసవమై తిరిగొచ్చిన ఏ అమ్మాయితోనూ "ఈ వారం చూద్దాం" అనలేకపోయాను. బిడ్డ ఎప్పుడెప్పుడు తాగుతుందో ముందు అడిగేదాన్ని. తర్వాత ఆ అమ్మాయి వేలు నా కంటికి ఆనించుకునేదాన్ని. చాలాసార్లు మండింది. ఇప్పటికీ ఎవరైనా ఒక పని కుదరదంటే, ఎలా కుదురుతుందో నా మీద ప్రయత్నించి చూడకుండా ఒప్పుకోలేను.

ఇప్పుడు అక్కడ తొడిమలు యంత్రం తీస్తోంది. కాయలు చూసే అమ్మాయిలకు చేతొడుగులు ఇచ్చారు. మంచిదే. ఎవరి వేలూ ఎవరూ కంటికి ఆనించుకోవడం లేదు.