నల్ల గదిలో వాగ్దాన కార్డు

కంటికి కనబడని తరంగాలకు కూడా దారి ఏర్పరచిన దేవునికి స్తోత్రం. నా తెలివితక్కువతనాన్ని నవ్వుగా మార్చిన ఆయన దయకు ఇంకోసారి స్తోత్రం.

మాది ఎమ్మిగనూరు. రోజూ బస్సెక్కి ఆదోనికి పనికి పోతాను. అక్కడ పాత జిన్నింగు మిల్లు గోదాములో, ఉపగ్రహాల్లో పెట్టే యాంటెన్నాలను పరీక్షించే గది ఒకటుంది. గోడలకు, కప్పుకు, నేలకు అంతా బొగ్గుపొడి కలిపిన నల్లటి స్పాంజి మొనలే. తగిలిన రేడియో తరంగాన్ని అవి మింగేస్తాయి, తిరిగి పంపవు. ఆకాశంలో అడ్డమేమీ ఉండదు కదా, ఈ గదిలోనూ అలాగే ఉండాలి. పక్క మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూదిని ఆ మొనల మీంచి మెత్తని కుంచెతో దులపడం నా పని. లోహం తగిలితే తరంగం తిరిగొస్తుంది, అందుకే గాజులు, తాళాలు బయటే పెట్టి పోవాలి.

యాంటెన్నాలు చేసే అన్నది ఆదోనే. శుక్రవారం నమాజుకు పోతూ, "నేను ఈ పొద్దు పైనోడికి సెప్పుకుంటా, నువ్వు ఆదివారం సెప్పుకో. ఎవురి మాట ముందు వినపడితే వాళ్లు టీ తాపల్ల" అంటాడు.

ఒక యాంటెన్నా రెండుసార్లు పరీక్ష తప్పితే, అన్న దాన్ని విప్పి మళ్లీ సరిచేశాడు. మూడోసారీ తప్పితే ఆ పని వేరేవాళ్లకిస్తామని మేనేజరు చెప్పేశాడు. అన్న దిగులు చూసి నాకు మనసాగలేదు. కొత్త సంవత్సరం ఆరాధనలో నాకొచ్చిన వాగ్దాన కార్డు అరచేయంత ఉంటుంది, తళతళలాడే వెండిరేకు మీద బైబిలు వాక్యం అచ్చేసినది. పరీక్ష రోజు పొద్దున దాన్ని మొనల మధ్య దోపి, మోకరించి ప్రార్థించి బయటికొచ్చాను.

లోపల యాంటెన్నా మెల్లగా తిరుగుతోంది. బయట తెర మీద గీత నున్నగా సాగి, ఒక్కచోట ముల్లులా లేచింది. అలా లేవకూడదు. మళ్లీ తిప్పారు. మళ్లీ అదే ముల్లు.

"ఇంగ విప్పి సూడల్ల" అంటూ అన్న యాంటెన్నాను బయటికి తెచ్చి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

గీత లేచింది నా కార్డున్న పక్కకే! బైబిల్లో, గుడారంలో ఒకడు దాచిన బంగారం వల్ల దండంతా ఓడిపోయిన కథ సండే స్కూలు పిల్లలకు చెప్పేది నేనే. స్క్రూడ్రైవర్‌కు అడ్డంగా చేయి పెట్టాను.

"అన్నా, విప్పొద్దు. లోపల నాది ఒకటుంది."

"ఏముంది?"

"వాగ్దానం."

అన్న పోయి కార్డు పట్టుకొచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసి, పగలబడి నవ్వాడు.

"ఏం పాపా! గాజులు ఇప్పి పోతివి, అద్దమట్లా రేకు పెట్టి వస్తివి. పైనోడికి నీ నోటి మాట సాలు, రేకు ఏమిటికి?"

యాంటెన్నాను మళ్లీ లోపల పెట్టి తిప్పారు. ఈసారి గీత నున్నగా సాగింది. మేనేజరు సంతకం పెట్టాడు.

"ఇద్దరి మాటా ఒక్కసారే వినపడినట్టుండాది, టీ ఎవురు తాపల్లన్నా?" అన్నాను.

"ముల్లు నీది, టీ నీది."

ఆ కార్డును అన్నే గది తలుపుకు బయట అంటించాడు. ఇంకా అక్కడే ఉంది.

యాంటెన్నా నింగికెక్కే రోజు రావాల్సి ఉంది. చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం కళ్లు మూసుకుని, దాని కోసం, దాన్ని చేసిన అన్న చేతుల కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఉత్త చేతులు చాలు.