సున్నపు బట్టీ మనిషికి ఫ్లూ టీకా

మా ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. పోయిన వానాకాలం ఫ్లూ సోకి ఆక్సిజన్ దాకా వెళ్లాడు. అందుకే ఈసారి వానలకు ముందే టీకా వేయించాలని పట్టుబట్టాను.

"సున్నం కొట్టిన గోడకే పురుగు పట్టదు. ఇన్నేళ్లు సున్నం పీల్చినోణ్ణి, నాకు టీకా ఏందే?" అన్నాడు.

"గోడకైనా ఏటేటా కొట్టాల్సిందేగా! లెగవయ్యా," అన్నాను.

ఆసుపత్రిలో సూది చూడగానే, "షుగరుంది కాబట్టి నీకూ టీకా కావాలని డాక్టరు చెప్పాడుగా, ముందు నువ్వేయించుకో," అన్నాడు. సూదంటే నా ధైర్యానికే జ్వరం వస్తుంది. కానీ నేను జంకితే ఆయన ఇంటిదారి పడతాడు. కళ్లు మూసుకుని అరచెయ్యి చాపాను.

"ప్రసాదం కాదమ్మా, జబ్బ చూపించు," అంది నర్సు.

జబ్బకు సూది పడ్డాక నేను కళ్లు తెరిచేసరికి, ఆయన గొణుక్కుంటూనే చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నాడు.