అందరం ఒక్కమాటే చెప్పాం

విజయవాడలో నిన్న సాయంత్రం మా అమ్మాయి మోకాలికి నొప్పుల స్ప్రే కొడుతుంటే, ఆ ఘాటుకి చల్లపల్లిలో మా బడి ఖోఖో కోర్టు గుర్తొచ్చింది.

అప్పుడు నాది ఏడో తరగతి. పీఈటీ సార్ అంటే మాకు దేవుడే. గన్నవరంలో ఓడిపోయి బస్సులో తిరిగొస్తుండగా, తాగి ఉన్న సార్ మా కెప్టెన్ రజియాని చెంప మీద కొట్టారు. మర్నాడు తను హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పేసింది.

సార్ మమ్మల్ని కోర్టులో వరసగా కూర్చోబెట్టారు. "టీమంటే ఒక్కమాట మీద ఉండాలమ్మా. ఏం జరగలేదని చెప్పండి," అన్నారు. ఖోఖోలో వెనక నుంచి ఖో వినపడితే లేచి పరుగెత్తడమే, ఎందుకని అడగం. ఇదీ అలాంటి రూలే అనుకున్నాను.

ఆఫీసు గదిలో వాచిన చెంపతో రజియా మా ఎదురుగానే నిలబడింది. మిగతా ఎనిమిదిమందిమీ ఒకరి తర్వాత ఒకరం, "ఏం జరగలేదు మేడమ్," అన్నాం.

"నాదేముందండీ, పిల్లలే చెబుతున్నారుగా," అన్నారు సార్, మా వంక చూడకుండానే.

రజియా మళ్లీ బడికి రాలేదు. నన్ను కెప్టెన్‌ని చేశారు. దేవుడనుకున్న మనిషి తన తప్పుని మా నోళ్లలో దాచుకున్నాడని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

"మీ కోచ్ మీద ఎవరో కంప్లయింట్ ఇచ్చారటగా. ప్రిన్సిపాల్ అడిగితే ఏం చెప్పారే?" అని నిన్న స్ప్రే కొడుతూనే మా అమ్మాయిని అడిగాను.

"ఏం జరగలేదన్నామమ్మా. అందరం ఒక్కమాటే చెప్పాం."

స్ప్రే పక్కన పెట్టి, ఆ కంప్లయింట్ ఇచ్చిన పిల్ల ఇల్లెక్కడో అడిగాను. చెప్పులేసుకోమన్నాను.